బరువు తగ్గుతుంటే ఆకలి పెరగాలి కదా?

"ఐదు నెలల్లో 61 కిలోల నుంచి 54కి వచ్చాను. డైటింగ్ చేయలేదు, వ్యాయామం పెంచలేదు. ఇంట్లో అందరూ తిను తిను అని వెంటపడుతున్నారు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. ఎలా తినను?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆవిడ అడిగింది ఎలా తినాలని. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ ప్రశ్న వెనక ఉన్న ఇంకో ప్రశ్న. ఏడు కిలోలు పోయిన ఒంటికి ఆకలి దంచెయ్యాలి కదా, ఉన్నది కూడా ఎందుకు చచ్చిపోయింది?

ముందు ఒక లెక్క. మన ప్రయత్నమేమీ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఒంటి బరువులో 5 శాతం పోయిందంటే డాక్టర్లు దానికి కారణం వెతుకుతారు. 60 కిలోల మనిషికి అది 3 కిలోలు. ఈవిడకి 11 శాతం దాటింది. షుగర్, థైరాయిడ్, క్షయ, పేగుల జబ్బులు, క్యాన్సర్లు, డిప్రెషన్, పంటి బాధలు, వాడుతున్న మందులు... జాబితా పెద్దది. అందులో ఏదన్నది పరీక్షలే తేల్చాలి. ఎవరి కళ్లో పడ్డాయని సరిపెట్టుకుని వారాలు గడిపేసే ఇళ్లను తలచుకుంటే నాకు భయమేస్తుంది. టైప్ 1 షుగర్ మొదలైన పిల్లవాడికి ఆ కొద్ది వారాల ఆలస్యమే ప్రాణం మీదికి తేవచ్చు.

ఇక ఆకలి సంగతి. కడుపు ఖాళీ అయితే ఆకలేస్తుందని బడిలో చెప్పి వదిలేస్తారు. కడుపు రోజుకు ఎన్నోసార్లు నిండుతుంది, ఖాళీ అవుతుంది. అయినా కేలరీల ఊసే తెలియని మనిషి బరువు కూడా ఏళ్ల తరబడి ఇంచుమించు ఒకేచోట ఉంటుంది. పూటల లెక్క కాదు, నెలల లెక్క చూసేది ఏదో ఒంట్లో ఉండాలన్నమాట.

మేడ మీద నీళ్ల ట్యాంకులో ఉండే బాల్ వాల్వు గుర్తు తెచ్చుకోండి. నీళ్లు తగ్గితే తేలే బంతి కిందికి దిగి వాల్వు తెరుచుకుంటుంది. నిండితే బంతి పైకి లేచి వాల్వు మూసుకుంటుంది. మన ఒంట్లో కొవ్వు ట్యాంకులో నీళ్లు, ఆకలి వాల్వు. మరి బంతి ఏది?

దాని జాడ చూపించింది డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త. 1960ల చివర్లో అమెరికాలోని జాక్సన్ ల్యాబొరేటరీలో రెండు చుంచెలుకలను పక్కపక్కన కుట్టి, వాటి రక్తం ఒకదాని నుంచి ఇంకోదానికి పారేలా చేశాడు. ఒకటి మామూలు ఎలుక. రెండోది పుట్టుకతో వచ్చిన లోపం వల్ల విపరీతంగా లావెక్కి షుగర్ తెచ్చుకునే రకం. లావు ఎలుక ఎప్పటిలాగే తింటూ పోయింది. మామూలు ఎలుక తిండి మానేసింది. మేత ఎదురుగానే ఉంది, ముట్టలేదు. చివరికి పస్తులతో చచ్చిపోయింది. ఈ ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. లావు ఎలుక రక్తంలో 'ట్యాంకు నిండింది' అని చెప్పే పదార్థమేదో పొంగిపొర్లుతోందని, దాన్ని అందుకునే ఏర్పాటు ఆ ఎలుకలో చెడిపోయిందని కోల్‌మన్ గ్రహించాడు. మామూలు ఎలుకలో ఆ ఏర్పాటు సవ్యంగా ఉంది. అందుకే తన ట్యాంకు ఖాళీ అయిపోతున్నా పక్కదాని బంతిని నమ్మి వాల్వు మూసేసింది. 1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఆ పదార్థానికి మూలమైన జన్యువును పట్టుకుంది. పదార్థం పేరు లెప్టిన్. మనం వెతుకుతున్న బంతి ఇదే. దాన్ని తయారు చేసేది కొవ్వు కణాలే.

మెదడు అడుగున హైపోథాలమస్‌లో ఆర్క్యుయేట్ న్యూక్లియస్ అనే చోట రెండు రకాల నాడీకణాలున్నాయి. ఏజీఆర్‌పీ కణాలు ఆకలి పుట్టిస్తాయి, పీఓఎంసీ కణాలు దాన్ని అణచివేస్తాయి. లెప్టిన్ మొదటివాటి నోరు మూయిస్తుంది, రెండోవాటిని రేపుతుంది. కొవ్వు కరిగి లెప్టిన్ పడిపోతే ఇదంతా తిరగబడి ఆకలి విజృంభిస్తుంది. మిన్నెసోటా యూనివర్సిటీలో 1944-45లో యాన్సెల్ కీస్ 36 మంది యువకులకు 24 వారాలు అరకొర తిండి పెట్టి చూశాడు. వాళ్ల బరువు దాదాపు పావు వంతు పోయింది. పళ్లేలు నాకారు, వంటల పుస్తకాలు పోగు చేశారు, మాటల్లోనూ కలల్లోనూ తిండే. వాళ్లకు జబ్బు లేదు కాబట్టి బంతి దాని పని అది చేసింది. ట్యాంకులో లేని గుణం ఒకటి ఒంటికి ఉంది: నీళ్లు తగ్గితే కుళాయిల ధార కూడా తగ్గించేస్తుంది. ఆ యువకుల శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి కూడా బాగా పడిపోయింది.

ఇప్పుడు జబ్బుల్ని ఈ ట్యాంకు దగ్గర నిలబెట్టి చూడండి. షుగర్ అంటే ట్యాంకుకు చిల్లు. రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలోకి పోవడం మొదలవుతుంది. రోజుకు 100 గ్రాములు అలా పోతే 400 కేలరీలు వృథా. బంతి దిగుతుంది, ఆకలి పెరుగుతుంది, మనిషి తింటూనే చిక్కిపోతాడు. థైరాయిడ్ ఎక్కువైతే కుళాయిలన్నీ బార్లా తెరిచినట్టు. ఇక్కడా ఆకలి బాగానే ఉంటుంది. పేగులు పోషకాలను పీల్చుకోలేకపోతే ట్యాంకు చేరకముందే పైపు కారుతున్నట్టు. అందుకే 'ఆకలి ఎలా ఉంది' అని డాక్టరు అడిగినప్పుడు ముక్తసరిగా జవాబివ్వకండి. తింటూ తగ్గుతున్నారా, తినలేక తగ్గుతున్నారా అన్నది వెతుకులాట దారినే మార్చేస్తుంది.

మన పాఠకురాలిది రెండో కోవ. ఇక్కడ ట్యాంకు ఖాళీ అవుతున్నా బంతిని ఎవరో తాడు కట్టి పైకి లాగి పట్టుకున్నారు. ఆ తాళ్లలో ఒకటి జీడీఎఫ్15 అనే ప్రొటీన్. కణాలు ఇబ్బందిలో పడ్డప్పుడు దాన్ని రక్తంలోకి వదులుతాయి. దాని సందేశం అందుకునే జీఫ్రాల్ అనే గ్రాహకం మెదడు వెనక భాగంలో, వాంతిని పుట్టించే ప్రాంతంలో ఉందని 2017లో తేలింది. తిండి వాసనకే వెగటు పుట్టడం వెనక కథ ఇక్కడుంది. గర్భిణులను వేధించే తీవ్రమైన వాంతుల్లో దీని పాత్ర ఉంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ కూడా దీన్ని పెంచుతుంది. క్యాన్సర్‌తో చిక్కిపోతున్నవాళ్లలో దీన్ని అడ్డుకునే పోన్‌సెగ్రోమాబ్ అనే మందును పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లు 12 వారాల్లో, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకంటే సుమారు 2.8 కిలోలు ఎక్కువ బరువున్నారు. తిట్టో బుజ్జగించో తినిపించడం కాదు, కేవలం తాడు వదులు చేశారు! ఆకలి లేని మనిషిని మొండితనమనీ బద్ధకమనీ అనేవాళ్లకు ఈ ఫలితం చూపించాలని ఉంటుంది.

మరి ఆవిడ అడిగినదానికి జవాబు? బంతి అబద్ధం చెబుతున్నప్పుడు దాని మాట వినకూడదు. ఆకలేస్తే తిందామని ఆగకుండా గడియారం చూసి, రెండున్నర మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. ఎంత తిన్నామన్నది కడుపు ముఖ్యంగా సాగుడును బట్టి చూస్తుంది. అందుకే పరిమాణం పెంచకుండా కేలరీలు పెంచాలి. పెద్ద చెంచాడు నూనెలో 120 కేలరీలు. అన్నే కేలరీలు దోసకాయతో రావాలంటే 800 గ్రాములు తినాలి. తినే పదార్థంలోనే కొంచెం నూనో, వెన్నో, గింజల పొడో కలిపేయండి. మరీ ఎక్కువైతే కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది, అది చూసుకోవాలి. నమిలి తినలేని పూట పాల లాంటి చిక్కటి ద్రవాలు తాగండి. ద్రవాలు కడుపులోంచి త్వరగా కదులుతాయి, కడుపు నిండిన భావన తక్కువ. మంచినీళ్లు భోజనానికి ముందు కాకుండా మధ్య వేళల్లో తాగండి. డాక్టరు ఒప్పుకుంటే చిన్న బరువులు ఎత్తడం మొదలుపెట్టండి, లేకపోతే వచ్చే బరువులో కండ తక్కువే ఉంటుంది. త్వరగా లావు చేస్తామనే పొడుల జోలికి పోకండి. అలాంటి కొన్నింటిలో రహస్యంగా స్టెరాయిడ్లు కలిపినట్టు బయటపడింది. వాటితో ముఖం ఉబ్బుతుంది, లోపల కండ కరుగుతుంది.

వారం పది రోజులుగా దాదాపు ఏమీ తిననివాళ్లు ఒక్కసారిగా కడుపునిండా తినకూడదు. ఇన్సులిన్ ఎగసి ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి దూరిపోతాయి. గుండె లయ తప్పవచ్చు. ఆస్పత్రిలో రక్తపరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచాలి.

పరీక్షలన్నీ నార్మల్ వస్తే? అలా కారణం దొరకనివాళ్లు దాదాపు నాలుగో వంతు ఉంటారు. మొదటి విడత పరీక్షల్లో ఏమీ కనబడనివాళ్లు సాధారణంగా బాగానే ఉంటారని అనుభవం. అయినా ఫైలు మూసెయ్యకండి. వారానికోసారి అదే మెషిన్ మీద, ఉదయం అదే వేళకు బరువు చూసి రాసుకోండి. పక్కన ఆకలి ఎలా ఉందో ఒక మాట చేర్చండి. మూడు నుంచి ఆరు నెలల్లో ఆ కాగితంతో మళ్లీ డాక్టరును కలవండి. ఈలోగా జ్వరం, మింగడంలో ఇబ్బంది, మలంలో రక్తం, రాత్రి చెమటలు, తగ్గని దగ్గు, వీటిలో ఏది కనిపించినా ఆ గడువు కోసం ఆగకండి.