వినిఫ్రెడ్ బ్రౌన్ గెలుపు వెనక 20 ఏళ్ళ ఎయిర్ రేసుల కథ

1930 జులై 5న కింగ్స్ కప్ అనే బ్రిటిష్ విమాన పందెం గెలిచింది వినిఫ్రెడ్ బ్రౌన్, మాంచెస్టర్ వైపు అమ్మాయి, 30 ఏళ్ళు, నడిపింది ఏవ్రో ఏవియన్ అనే చిన్న రెండు సీట్ల విమానం. ఎంట్రీలు 101, అందులో ఆమె కన్నా స్పీడుగా పోయేవి బోలెడు, ఆ కప్పు ఒక మహిళకి దక్కటం అదే మొదటిసారి. "హ్యాండికాప్ వల్ల గెలిచింది, అంతే" అని తేల్చేసేవాళ్ళున్నారు (హ్యాండికాప్ అంటే నెమ్మది విమానాల్ని ముందు వదిలే పద్ధతి), నాకు ఆ మాట వింటే బాధేస్తది, ఎందుకో చెప్పాలంటే మొదట్నుంచీ రావాలి.

లండన్ నుంచి మాంచెస్టర్‌కి 24 గంటల్లో ఎగిరిన వాళ్ళకి 10,000 పౌండ్లు ఇస్తామని డైలీ మెయిల్ పేపర్ 1906లోనే ప్రకటించింది, పోటీ పడేవాళ్ళు దొరికింది 1910 ఏప్రిల్‌లో. ఫ్రాన్స్ నుంచి లూయీ పోలాన్, ఇంగ్లండ్ నుంచి క్లాడ్ గ్రాహమ్-వైట్. పోలాన్ బయల్దేరాడన్న కబురు గ్రాహమ్-వైట్‌కి గంట లేటుగా అందింది, ఆ తేడా పూడ్చుకోవాలని మధ్యలో ఆగిన ఊర్నుంచి తెల్లారకముందే మూడింటికి కార్ల హెడ్‌లైట్ల వెలుగులో పైకి లేచాడు, అప్పటికి రాత్రిపూట అలా దూరం ఎగిరినోడు లేడు. అయినా పోలానే ముందు చేరాడు.

ఆ ఇద్దరి విమానాలకీ నోమ్ రోటరీ ఇంజనే. అందులో ప్రొపెల్లర్‌తో పాటు ఇంజనంతా గిర్రున తిరుగుద్ది, లూబ్రికేషన్‌కి వాడేది ఆముదం, మన ఆముదమే, పెట్రోల్‌లో కలవదు కాబట్టి. ఇలాంటి ఇంజన్ ముందుండే విమానాల్లో అది మండీ మండకుండా వెనక్కి చిమ్ముతుంటే పైలట్ ముఖం, కళ్ళద్దాలు, బట్టలు అన్నీ జిడ్డే, ఆ జిడ్డులోంచే కింద రైలు పట్టాలు చూసుకుంటూ దారి పట్టాలి.

1911లో సర్క్యూట్ ఆఫ్ బ్రిటన్, అంటే బ్రిటన్ చుట్టూ విమాన పందెం, 1010 మైళ్ళు. పూర్తి చేసింది నలుగురే, మొదటి రెండు స్థానాలూ ఫ్రెంచ్ వాళ్ళవే. నాలుగోవాడు శామ్యూల్ కోడీ, తను కట్టుకున్న విమానంతో రోజుల తరబడి రిపేర్లు చేసుకుంటూ వచ్చి చేరాడు, నాకు గెలిచినవాళ్ళ కన్నా ఈయనే ఎక్కువ గుర్తుంటాడు. రెండేళ్ళకి విమాన ప్రమాదంలోనే పోయాడు.

1912లో లండన్ దగ్గర హెండన్ ఎయిర్‌ఫీల్డ్ నుంచి లండన్ చుట్టూ 81 మైళ్ళ ఏరియల్ డెర్బీ అనే పందెం మొదలైంది. టామ్ సాప్‌విత్ అందరికన్నా ముందొచ్చాడు గానీ ఒక మలుపు దగ్గర గుర్తుకి లోపల్నుంచి తిరిగాడని డిస్‌క్వాలిఫై చేసి గుస్తావ్ హామెల్‌ని విజేత అన్నారు, అప్పీల్ చేశాక మళ్ళీ సాప్‌విత్‌కే ఇచ్చారు. తర్వాతేడు హామెల్ నిజంగానే గెలిచాడు. 1914 మే 23న డెర్బీ కోసమే ఫ్రాన్స్ నుంచి కొత్త విమానం తెస్తూ ఇంగ్లిష్ ఛానెల్ మీద కనిపించకుండా పోయాడు, వయసు 24.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత డెర్బీ గెలవాలంటే రేస్ కోసమే కట్టిన మెషీన్ కావాల్సి వచ్చింది, అలాంటిది అందరికీ ఎక్కడ దొరుకుద్ది? 1923తో డెర్బీ ఆగిపోయింది. ఈలోపు 1922లో ఐదో జార్జ్ రాజు పెట్టిన కింగ్స్ కప్ వచ్చింది, లండన్ దగ్గర క్రాయ్‌డన్ నుంచి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో పోయి రావాలి, 810 మైళ్ళు. హ్యాండికాప్ అంతకుముందూ ఉంది గానీ ఇక్కడ పెద్ద కప్పే దాని మీద ఇచ్చారు. విమానం ఎంత స్పీడు పోగలదో ముందే లెక్కేసి, నెమ్మదివాటిని ముందు వదిలి, స్పీడువాటిని ఆఖర్న వదుల్తారు, గీత ముందు దాటినోళ్ళు గెలిచినట్టు. మొదటిసారి గెలిచిన ఫ్రాంక్ బార్నార్డ్ రోజూ ప్యాసింజర్లని తిప్పే ఎయిర్‌లైన్ పైలట్, నడిపింది పాత యుద్ధ బాంబర్‌ని మార్చిన విమానం. 1927లో అదే కప్పు కోసం ఒక కొత్త విమానం టెస్ట్ చేస్తూ ఆయనా చనిపోయాడు.

అంటే హ్యాండికాప్ మెషీన్ బలాన్ని లెక్కలోంచి తీసేస్తది, మిగిలేది మ్యాప్ చదవటం, గాలిని అంచనా వేయటం, మలుపు దగ్గర అడుగు కూడా వేస్ట్ చేయకపోవటం. బ్రౌన్ ఆ రోజు 750 మైళ్ళు అలాగే వచ్చింది. ముందు సంవత్సరం, 1929లో, ఇదే హ్యాండికాప్ పద్ధతిలో రిచర్డ్ ఆచర్లీ గ్లోస్టర్ గ్రీబ్ అనే యుద్ధ విమానంతో గంటకి 150 మైళ్ళ స్పీడున గెలిచాడు, ఆయన గురించి మాత్రం "హ్యాండికాప్ వల్ల" అన్న మాట నేనెక్కడా చూడలేదు.