నాటు పందుల జాతులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: నల్లగా ఉన్న పందులన్నీ ఒకటే నాటు రకం.

వాస్తవం: కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ నమోదు చేసిన దేశీయ పంది జాతులే పది దాటాయి. మేఘాలయలో నియాంగ్ మేఘ, నాగాలాండ్‌లో టెన్యీ వో, గోవాలో అగోండా గోవన్, ఉత్తరప్రదేశ్‌లో ఘుర్రా. నొక్కుకుపోయిన మూతి, విసనకర్రల్లాంటి చెవులున్న బెంగాల్ ఘుంగ్రూను ఒకసారి చూసినవారు మరో జాతి అని పొరబడరు.

అపోహ: లాభం కావాలంటే సీమపందే (విదేశీ జాతి పంది).

వాస్తవం: చాలా నాటు రకాలు ఈతకు తక్కువ పిల్లలు పెడతాయి, కాదనను. కానీ ఘుంగ్రూ అలా కాదు. గువాహటి దగ్గర తయారైన ‘రాణి’ సంకరజాతిలో సగం రక్తం దానిదే. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వారి టి-17 అనే సంకరజాతిలోనూ పావు వంతు నాటు రక్తమే. అసలు ఇంగ్లండ్ తెల్లపందుల్ని కూడా 18, 19 శతాబ్దాల్లో చైనా పందులతో దాటించారు!

అపోహ: యాభై తల్లి పందులున్నాయి, జాతి భద్రం.

వాస్తవం: నేను ముందు అడిగేది మగవి ఎన్ని అని. రెండే అంటే, 52 పందుల ఆ మంద జన్యుపరంగా నాలుగు మగ, నాలుగు ఆడ ఉన్న మందతో సమానం. తరానికి 6 శాతం పైగా రక్తసంబంధం పెరుగుతుంది; ఈతలో పిల్లలు తగ్గుతాయి, పుట్టినవి నీరసంగా ఉంటాయి. అదే 52లో పది మగవి ఉంచితే, ఆ మంద 16 మగ, 16 ఆడ ఉన్న మందతో సమానమవుతుంది. మేత ఖర్చు దాదాపు అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఏపుగా ఎదిగే మగపిల్లకు మాంసం కోసం ముందుగా విత్తులు కొట్టిస్తారు. మిగిలిన అర్భకపు పిల్ల తల్లినే చూలు చేస్తుంది. పెరటి పెంపకంలో జాతి క్షీణించడానికి ఇది పెద్ద దారి. పక్క ఊరి మగపందితో మార్పిడి చేసుకుంటే పైసా ఖర్చు లేకుండా ఆగుతుంది.

అపోహ: జాతిని కాపాడటానికి మగపందుల వీర్యం గడ్డకట్టించి దాస్తే చాలు.

వాస్తవం: ఎద్దు వీర్యం తట్టుకున్నంతగా పంది వీర్యం చలిని తట్టుకోదు. అందుకే 17 డిగ్రీల దగ్గర ఉంచి కొద్ది రోజుల్లోనే వాడేస్తాం. బతికున్న మంద తప్పనిసరి.

అపోహ: నాటు పందికి జబ్బు రాదు.

వాస్తవం: 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ నాటు, సీమ తేడా చూడలేదు. దానికి చికిత్స లేదు. ఒక జాతి మొత్తం ఒకే జిల్లాలో ఉంటే ఒక్క విడతలో తుడిచిపెట్టుకుపోగలదు. కాబట్టి దూరదూరంగా కనీసం రెండు చోట్ల, వేర్వేరు మగపందులతో మందలు నడపాలి.