టీఎస్‌హెచ్ నార్మల్, మతిమరుపు మామూలే: థైరాయిడ్ మాత్ర వెనకున్న పాత పేచీ

పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, ఎదురుగా ఉన్న మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోవడం, చదివిన పేరానే మళ్లీ మొదటినుంచి చదువుకోవడం. థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లు చెప్పుకునే మతిమరుపు ఎక్కువగా ఈ తీరుగా ఉంటుంది. పాత సంగతులు చెరిగిపోవు. కొత్తది బుర్రకెక్కడం, ఎక్కింది సమయానికి గుర్తుకురావడం నెమ్మదిస్తాయి. మాత్ర మొదలుపెట్టాక చాలామందికి నెలల్లో తేడా తెలుస్తుంది. కొందరికి మాత్రం రక్తపరీక్ష రిపోర్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ గ్రంథి హార్మోన్; థైరాయిడ్ తగ్గితే ఇది పెరుగుతుంది) నార్మల్‌కు వచ్చినా బుర్రలో మబ్బు విడవదు. రిపోర్టు బాగుందని డాక్టరు, నాకు బాగాలేదని పేషెంటు. ఈ పేచీ ఎందుకొచ్చిందో తెలియాలంటే రిపోర్టులే లేని రోజుల నుంచి చూసుకురావాలి.

1873లో లండన్ వైద్యుడు విలియం గల్ కొందరు ఆడవాళ్ల జబ్బును వర్ణించాడు. మొహం ఉబ్బడం, మాట ముద్దగా రావడం, ఆలోచన మందగించడం దాని లక్షణాలు. కొన్నేళ్లకు విలియం ఆర్డ్ దానికి మిక్సెడిమా అని పేరు పెట్టాడు. 1883లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ సర్జన్ థియోడర్ కోహెర్, తాను థైరాయిడ్ మొత్తం తీసేసిన రోగులు ఇదే తీరుగా మందకొడిగా మారారని బయటపెట్టాడు. అదే ఏడాది లండన్ క్లినికల్ సొసైటీ ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 109 మందిని పరిశీలించి 1888లో ఇచ్చిన నివేదికలో, దాదాపు సగం మందికి భ్రమలు, లేనివి కనిపించడం, వినిపించడం ఉన్నాయని రాసింది. అంటే జబ్బును మొదటిసారి గుర్తుపట్టిందే చర్మాన్నీ మనసునూ కలిపి చూసి. మతిమరుపు తర్వాత ఎవరో తగిలించిన ఫిర్యాదు కాదు.

చికిత్స 1891లో న్యూకాజిల్‌లో మొదలైంది. జార్జ్ మర్రే గొర్రె థైరాయిడ్‌ను ముక్కలు చేసి గ్లిజరిన్‌లో, కొద్దిపాటి కార్బాలిక్ యాసిడ్‌లో ఒక రోజంతా నానబెట్టాడు. మరిగే నీళ్లలో ముంచి తీసిన సన్నని రుమాలులో దాన్ని పిండి, వచ్చిన రసాన్ని 46 ఏళ్ల మహిళకు చర్మం కింద ఎక్కించాడు. ఆమె కోలుకుని మరో 28 ఏళ్లు బతికింది. ఆమెకు వాడిన మందుకు 870 పైచిలుకు గొర్రెల థైరాయిడ్లు పట్టాయని మర్రే తర్వాత లెక్క చెప్పాడు. మరుసటి ఏడాదికల్లా సూది అక్కర్లేదని, నోటితో తీసుకున్నా పనిచేస్తుందని తేలింది. ఒక వైద్యుడైతే వారానికోసారి సగం గొర్రె థైరాయిడ్‌ను కాస్త వేయించి జెల్లీతో తినమన్నాడు.

గొర్రెల నుంచి పందుల దాకా, వంటింటి సరుకు నుంచి రసాయనం దాకా రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ థైరాయిడ్ హార్మోన్ థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా వేరుచేశాడు. తర్వాత సుమారు 3 టన్నుల పంది థైరాయిడ్ నుంచి అతనికి దక్కింది 33 గ్రాములే. 1927లో చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్గర్ దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. 1952లో జాక్ గ్రాస్, రోసలిండ్ పిట్-రివర్స్ ఇంకో హార్మోన్ను కనిపెట్టారు. అదే టీ3. కణాల్లో నేరుగా పని చేసేది ఇదే. థైరాక్సిన్, అంటే టీ4, చాలావరకు దానికి ముడిసరుకు.

ఈ మధ్యలో, 1949లో, వైద్యుడు రిచర్డ్ ఆషర్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 మంది గురించి రాశాడు. మతి చెడిందనుకున్న వాళ్ల అసలు జబ్బు థైరాయిడ్. మందు ఇస్తే ఎక్కువమంది బాగుపడ్డారు. ఆనాటి డాక్టర్లకు కొలతలు అంతంతమాత్రం. పేషెంటు మాట, నాడి, చర్మం చూసుకుంటూ డోసు పెంచేవాళ్లు. రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మామూలే. ఇవాళ్టి లెక్కలో అది అతి.

1970లో ఇంకో మలుపు. థైరాయిడ్ బొత్తిగా లేనివాళ్లలో కూడా శరీరం టీ4ను టీ3గా మార్చుకుంటుందని పరిశోధకులు బ్రేవర్‌మన్, ఇంగ్‌బార్, స్టెర్లింగ్ రుజువు చేశారు. అలాంటప్పుడు టీ3 విడిగా ఇవ్వడమెందుకన్న వాదం నిలిచింది. టీ4 శరీరంలో సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది కాబట్టి రోజుకో మాత్రతో మట్టం నిలకడగా ఉంటుంది. పైగా టీఎస్‌హెచ్ పరీక్ష సున్నితమయ్యేసరికి, వెనకటి డోసులు ఎముకల్నీ గుండెనూ దెబ్బతీసే మోతాదులని బయటపడింది. డోసు 100-150 మైక్రోగ్రాములకు దిగింది. అది మంచికే. కాకపోతే ఆ దిగడంలోనే ఇప్పటి పేచీకి మూలం ఉంది: అప్పటిదాకా పేషెంటు చెప్పిందే కొలత, అక్కడినుంచి కాగితం మీది అంకె కొలత.

ఆ అంకె చెప్పేది ప్రధానంగా పిట్యూటరీ తృప్తిపడిందా లేదా అన్నదే. మెదడులో మిగతా చోట్ల టీ4ను టీ3గా మార్చే పని నాడీకణాలకు అండగా ఉండే గ్లియా కణాల్లోని డీ2 అనే ఎంజైమ్‌ది. ఆ ఎంజైమ్ జన్యువులో ఒక తేడా ఉన్నవాళ్లు రెండు హార్మోన్లూ కలిపి ఇస్తే బాగున్నారని 2009లో ఒక అధ్యయనం చెప్పింది. తర్వాతి ఫలితాలు ఒకేలా రాలేదు. అంతకు పదేళ్ల ముందు, 1999లో, పరిశోధకుడు బునెవీషియస్ బృందం 33 మందిలో 50 మైక్రోగ్రాముల టీ4 తీసేసి 12.5 టీ3 ఇస్తే మనసు, జ్ఞాపకం మెరుగయ్యాయని చెప్పి సంచలనం రేపింది. 2006లో 11 ట్రయల్స్, 1216 మంది లెక్క కలిపి చూస్తే ఆ మెరుగు కనిపించలేదు. మందుగా వాడే ఎండబెట్టిన పంది థైరాయిడే సహజమనేవాళ్లు ఒకటి గమనించాలి: దానిలో టీ4, టీ3 నిష్పత్తి సుమారు 4:1, మనిషి థైరాయిడ్‌లో 14:1 దరిదాపు. సహజమే, కాకపోతే పందికి.

మన దగ్గర కథ థైరాయిడ్ హార్మోన్ల తయారీకి కావాల్సిన అయోడిన్‌తో మొదలైంది. శ్రీకాకుళంలో పుట్టి విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి 1956 నుంచి హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పుతో గాయిటర్ (మెడ దగ్గర థైరాయిడ్ వాపు) తగ్గుతుందని చూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఇప్పుడు పట్టణాల్లో కనిపించేది ఎక్కువగా హషిమోటో జబ్బు. ఇందులో శరీరమే తన థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది. దీనికి ఉప్పు మార్చి లాభం లేదు. హైదరాబాద్‌తో కలిపి 8 నగరాల్లో 5376 మంది పెద్దవాళ్లపై జరిగిన సర్వే 2013లో వెలువడింది. అందులో 10.95 శాతం మందికి హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ తక్కువగా పనిచేయడం. విడిగా లెక్కేసిన మరో 8 శాతం మందిది టీఎస్‌హెచ్ కాస్త పెరిగి టీ4 సరిగానే ఉన్న రకం. ఈ రకంలో 65 దాటిన 737 మందిపై యూరప్‌లో జరిగిన ట్రయల్ (2017) మాత్ర వల్ల లక్షణాల్లో ప్రయోజనం చూపలేదు. కాబట్టి పెద్దవయసులో టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువగా 6 ఉండి మతిమరుపుంటే, దాన్ని థైరాయిడ్ మీదికి తోసేసి ఊరుకోకూడదు.

ఇక టీఎస్‌హెచ్ నార్మల్ అయినా మబ్బు విడవని వాళ్ల సంగతి. టీ3 గురించి అడిగేముందు మాత్ర కడుపులో ఏమవుతోందో చూడాలి. పరగడుపున, ఉత్త నీళ్లతో, తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. ఫిల్టర్ కాఫీతో మింగితే ఒంటబట్టడం తగ్గుతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం కావాలి; ఇవి పేగులోనే థైరాక్సిన్‌ను పట్టేస్తాయి. చాలా ఇళ్లలో పొద్దున్నే అన్నీ ఒకే దోసిట్లో పోసుకు మింగడంతో డోసు పెంచుతూ పోవడమే అవుతుంది. గ్యాస్ మాత్రలు కూడా ఆమ్లం తగ్గించి థైరాక్సిన్ ఒంటబట్టకుండా చేస్తాయి. థైరాయిడ్ పూర్తిగా పోయిన పెద్దవాళ్లకు రోజు డోసు ఒంటి బరువులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు. గుండె జబ్బున్నవాళ్లకు 12.5 లేదా 25తో మొదలు. డోసు మార్చిన 6-8 వారాలకు గానీ టీఎస్‌హెచ్ స్థిరపడదు. పదిహేను రోజులకే పరీక్ష చేయించి మళ్లీ డోసు మార్చుకుంటే అంకె అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది విటమిన్ బీ12. హషిమోటో ఉన్నవాళ్లలో బీ12ను పీల్చుకోనివ్వని జబ్బు కూడా జతపడవచ్చు. శాకాహారం, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ తోడైతే లోటు ఇంకా పెరుగుతుంది, మతిమరుపు అచ్చం థైరాయిడ్‌లాగే ఉంటుంది. రక్తహీనత, గురకతో నిద్ర చెడడం, దిగులు జబ్బు కూడా ఇదే వరుసలో వస్తాయి. డోసు ఎక్కువై టీఎస్‌హెచ్ బాగా పడిపోయినా నిద్ర పట్టదు, ఏకాగ్రత కుదరదు, గుండె లయ తప్పవచ్చు. మతి బాగుపడుతుందని సొంతంగా మాత్ర పెంచుకునేవాళ్లకు ఎదురయ్యేది ఇదే.

జుట్టు ఊడుతోందని వాడే బయోటిన్ మాత్రలు కొన్ని ల్యాబ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తాయి. ఆ రిపోర్టు చూసి డోసు తగ్గిస్తే మబ్బు ఇంకా ముసురుతుంది. రక్తం ఇవ్వడానికి కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపాలి. ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే టీ4) పరీక్ష కూడా చేయిస్తుంటే ఆ పొద్దుటి థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి.