ఆయిల్ తగ్గని లారీ

"ఇన్ని వేల కిలోమీటర్లు తిరిగినా మా బండి చుక్క ఆయిల్ తాగలేదు" అని మురిసిపోయే ఓనరు ముందు గేజి పుల్ల తీసి వాసన చూడాలి. ఆయిల్ తగ్గకపోవడమే ఇంజిన్ ఆరోగ్యం అనుకోవడం బంపరుకి కట్టే నిమ్మకాయ, మిరపకాయల లాంటి నమ్మకమే.

పాలలో నీళ్లు పోస్తే లాక్టోమీటరు మునుగుతుంది, మీగడ తీస్తే పైకి తేలుతుంది. రెండూ చేస్తే? లెక్క సరిగ్గానే చూపిస్తుంది! ఇంజిన్‌లో ఈ మోసం రెండు చోట్ల జరుగుతుంది. ఇంజిన్ అడుగున 30 లీటర్ల ఆయిల్ పట్టే తొట్టిలో, అంటే సంప్‌లో, లీటరున్నర ఆయిల్ కాలిపోయి, లీటరున్నర డీజిల్ దిగితే పుల్ల మీద మట్టం కదలదు. కానీ అందులో 5 శాతం డీజిలే, బేరింగులకి గండమే. ఇక చిక్కదనం: డీజిల్ పలచన చేస్తుంది, మసి చిక్కబరుస్తుంది. 15డబ్ల్యూ-40 ఆయిల్‌కి 100 డిగ్రీల దగ్గర ఉండాల్సిన 12.5-16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపలే రిపోర్టు వచ్చినా నిశ్చింతగా ఉండొద్దు. పాలకేంద్రంలో వెన్న శాతం విడిగా చూసేది ఇందుకే. ల్యాబ్‌ని గ్యాస్ క్రొమటోగ్రఫీతో డీజిల్ శాతం అడగాలి, కనీసం ఫ్లాష్ పాయింట్ (ఆయిల్ ఆవిరి నిప్పు తగిలితే అంటుకునే వేడి) అడగాలి. మామూలుగా 200 డిగ్రీలు దాటి ఉండేది డీజిల్ కలిస్తే పడిపోతుంది, మసి దాన్ని లేపలేదు.

పెట్రోలైతే వేడి ఆయిల్‌లోంచి చాలావరకు ఆవిరైపోతుంది. డీజిల్ మరిగేది సుమారు 180-360 డిగ్రీల మధ్య, సంప్ వేడి 100 చుట్టుపక్కల. దిగింది అక్కడే తిష్ఠ వేస్తుంది.

ఎలా దిగింది? కొన్ని బీఎస్-6 ఇంజిన్లు మసి ఫిల్టరుని కాల్చుకునే రీజెన్‌లో, పిస్టన్ కిందికి దిగుతుండగా అదనంగా డీజిల్ చిమ్ముతాయి. కాలని తుంపర లైనరుకి (సిలిండర్ లోపలి గోడకి) అంటి, రింగుల సందుల్లోంచి జారుతుంది. మాటిమాటికీ రీజెన్ అవుతోందేమో, మధ్యలో ఆగిపోతోందేమో స్కానర్‌లో చూడాలి. సైలెన్సర్ పైపుకే విడిగా డీజిల్ చిమ్మే డోసర్ ఉన్న ఇంజిన్‌లో ఈ అనుమానం అక్కర్లేదు.

రీజెన్ సవ్యంగా ఉంటే లీకు వెతకాలి. ఆయిల్, ఫిల్టరు మార్చి, డీజిల్ ట్యాంకులో యూవీ డై (యూవీ వెలుతురులో మెరిసే రంగు) కలిపి, ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి ఆపాలి. ట్యాపెట్ కవరు విప్పి యూవీ టార్చి వేస్తే, కారుతున్న ఇంజెక్టరు ఓ-రింగో, హెడ్ లోపలి పైపు జాయింటో మెరుస్తుంది. ఇంజెక్టర్లకి సీసాలు కట్టి రిటర్న్ కొలిచే పరీక్ష ఇక్కడ దారి తప్పిస్తుంది. అది ట్యాంకుకి తిరిగెళ్లే డీజిల్ లెక్క, సిలిండర్‌లోకి చుక్కలు కార్చే నాజిల్ లెక్క కాదు. నాజిల్‌ని విప్పి టెస్ట్ బెంచి మీదే పట్టుకోవాలి. అక్కడా దొరక్కపోతే మిగిలింది హైప్రెషర్ పంపు. గేరుతో తిరిగే పంపు షాఫ్టు సీలు పోతే డీజిల్ బయట చుక్క కనిపించకుండా టైమింగ్ గేర్ల వైపు నుంచి నేరుగా సంప్‌లోకి దిగుతుంది.