లేనియర్‌లో 14 అంగుళాల లెక్క ఎక్కణ్ణుంచి వచ్చింది? రిజర్వాయర్లలో స్పాటెడ్ బాస్ వెనక కథ

జార్జియాలో లేక్ లేనియర్ ఒడ్డున, కమింగ్ వైపు, శనివారం పొద్దున్నే వెళ్తే తెలుగు మాటలు వినపడతాయి, ఆ ఫోర్సైత్ కౌంటీలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, పిల్లల్ని వెంటేసుకుని గాలాలు పట్టుకుని వచ్చేస్తారు. పడేవాటిలో ఎక్కువ స్పాటెడ్ బాసే, అంటే ఒంటిమీద చుక్కలుండే ఒక రకం మంచినీటి చేప. కొలబద్ద మీద పెడితే పదమూడున్నర, రూలేమో 14 అంగుళాలు, అంటే మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాల్సిందే. ఒకసారి మా పక్కనే ఒక పిల్లాడు "వచ్చే ఏడాదికి ఇది పెద్దదవుతుందా నాన్నా" అనడిగాడు, ఆయన "అవుతుంది నాన్నా" అన్నాడు. నాకు ఆ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది, ఎందుకంటే ఈ చేప విషయంలో నిజంగా అన్నిచోట్లా ఆ గ్యారంటీ లేదు. చాలాచోట్ల వచ్చే ఏడాదికి అది బతికే ఉండకపోవచ్చు.

అదెందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఈ చేపకి శాస్త్రీయంగా పేరు పెట్టింది రాఫినెస్క్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, 1819లో, ఒహాయో నది ప్రాంతంలో. కానీ ఆ తర్వాత వందేళ్ళ పైన దీన్ని ఎవరూ విడిగా పట్టించుకోలేదు, బాస్‌లోనే వేరే రకాలైన లార్జ్‌మౌత్ అని కొందరు, స్మాల్‌మౌత్ అని కొందరు అనుకున్నారు. 1927లో కార్ల్ హబ్స్ అనే చేపల శాస్త్రవేత్త ఇది వేరే జాతి అని తేల్చాకే విషయం బయటపడింది. కెంటకీ రాష్ట్రం 1956లో దీన్ని తమ రాష్ట్ర చేపగా పెట్టుకుంది, అందుకే ఇప్పటికీ చాలామంది కెంటకీ బాస్ అనే అంటారు. గుర్తుపట్టడం కష్టమేం కాదు, లార్జ్‌మౌత్‌కి నోరు మూసినా దవడ కన్ను దాటి వెనక్కి పోతుంది, దీనికి కన్ను దాటదు, పొట్టవైపు చిన్న చిన్న చుక్కలు వరసలుగా ఉంటాయి, నాలుక మీద వేలు పెట్టి రాస్తే గరుగ్గా పళ్ళు తగుల్తాయి.

ఇప్పుడు ఎదుగుదల సంగతి. వసంతంలో నీళ్ళు కాస్త వేడెక్కి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్యకి రాగానే మగచేప రాళ్ళ మధ్య గూడు చేస్తుంది, ఆడది గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది, ఇక కాపలా అంతా మగదే, పిల్లలు బయటికొచ్చాక కూడా కొన్నాళ్ళు వాటి దగ్గరే ఉంటుంది. మన చెరువుల్లో కొర్రమీను పిల్లల గుంపుని కాపాడుకోవడం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి ఏడు పూర్తయ్యేసరికి పిల్ల మూడు నాలుగు అంగుళాలు. ఓ మోస్తరు రిజర్వాయర్‌లో 12 అంగుళాలకి రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది, చిన్న ఏరుల్లో అయితే ఇంకా ఎక్కువే. అక్కణ్ణుంచి స్పీడు తగ్గిపోతుంది. అసలు కెంటకీ రకం ఆయుష్షే మామూలుగా ఆరేడేళ్ళు, అదే లార్జ్‌మౌత్ అయితే పదేళ్ళు దాటి బతికేవి బాగానే ఉంటాయి. వయసు ఎలా తెలుస్తుంది అంటే చేప చెవి లోపల ఓటోలిత్ అని చిన్న రాయిలాంటి ఎముక ఉంటుంది, దాన్ని కోసి చూస్తే చెట్టు మొద్దులోలాగ ఏడాదికో వలయం కనిపిస్తుంది. పాతరోజుల్లో పొలుసులు చూసి లెక్కపెట్టేవాళ్ళు, కానీ ముసలి చేపల్లో పొలుసు వయసు తక్కువ చూపిస్తుంది, అందుకని ఇప్పుడు ఓటోలిత్‌నే నమ్ముతారు.

రిజర్వాయర్ వయసు కూడా లెక్కలోకి వస్తుంది, ఇది చాలామంది వదిలేసే పాయింట్. డ్యామ్ కట్టి కొత్తగా నీళ్ళు నింపినప్పుడు మునిగిపోయిన చెట్లూ గడ్డీ కుళ్ళి నీళ్ళకి బలం వస్తుంది, మొదటి కొన్నేళ్ళు చేపలన్నీ ఎగబడి పెరుగుతాయి, తర్వాత ఆ సారం అయిపోతుంది, నీళ్ళు తేటపడతాయి. లార్జ్‌మౌత్‌కి అది నష్టం, కానీ స్పాటెడ్ బాస్‌కి లోతైన తేట నీళ్ళు, రాళ్ళ ఒడ్డులు అంటేనే ఇష్టం, అందుకే పాతబడ్డ లోతైన రిజర్వాయర్లలో దీనిదే పైచేయి అవుతూ వచ్చింది.

మరి సైజు రూల్స్? మొదట్లో చేపలు తగ్గిపోతాయన్న భయంతో గుడ్లు పెట్టే సీజన్‌లో వేట బంద్, ఇన్ని అంగుళాల లోపు పట్టకూడదు, ఇలాంటివన్నీ ఉండేవి. 1936లో టెనెసీలో నోరిస్ డ్యామ్ పూర్తయ్యాక ఆ డ్యామ్ కట్టిన ప్రభుత్వ సంస్థ టెనెసీ వ్యాలీ అథారిటీ తరఫున ఎష్మేయర్ అనే బయాలజిస్టు ఆ రిజర్వాయర్‌ని కొన్నేళ్ళు పట్టి చూసి, గాలానికి పడే చేపలకంటే ఎవరికీ పడకుండా తమంతట తామే చచ్చిపోయే చేపలే చాలా ఎక్కువ అని చూపించాడు. దాంతో 1944లో నోరిస్‌లో ఏడాది పొడుగునా వేటకి అనుమతిచ్చారు, తర్వాత చాలా రాష్ట్రాలు అదే దారి పట్టి రూల్స్ ఎత్తేశాయి. నా ఉద్దేశంలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన పని అదే, ఎందుకంటే భయంతో కాకుండా లెక్కపెట్టి తీసుకున్న నిర్ణయం అది.

కానీ కాలం మారిపోయింది. 1967లో అర్కన్సాస్ బీవర్ లేక్‌లో రే స్కాట్ అనే ఆయన బాస్ పట్టే పోటీ, అంటే టోర్నమెంట్ పెట్టాడు, అక్కణ్ణుంచి స్పీడు బోట్లు, నీళ్ళకింద లోతు చూపించే మెషీన్లు, వారం వారం పోటీలు, లార్జ్‌మౌత్ మీద వేట ఒక్కసారిగా పెరిగిపోయింది. 1970ల నుంచి రాష్ట్రాలు మళ్ళీ సైజు లిమిట్‌లు తెచ్చాయి, టెక్సాస్ 1986లో లార్జ్‌మౌత్‌కి రాష్ట్రమంతా 14 అంగుళాలు పెట్టింది. ఇవన్నీ లార్జ్‌మౌత్‌ని మనసులో పెట్టుకుని రాసిన రూల్సే. త్వరగా పెరిగి ఎక్కువకాలం బతికే చేపకి ఇది పనిచేస్తుంది, ఈ ఏడాది వదిలితే పై ఏడాది పెద్దదై దొరుకుతుంది. స్పాటెడ్ బాస్‌కి అదే పెడితే ఏమవుతుందో చిన్న లెక్క వేద్దాం, ఇది అర్థం కావడానికే. 12 అంగుళాల చేపలు వంద ఉన్నాయి, ఏటా మూడో వంతు వాటంతట అవే చచ్చిపోతాయి, 14కి రావడానికి రెండేళ్ళు పట్టిందనుకోండి, అప్పటికి మిగిలేవి 45 కూడా ఉండవు. బతికున్నవి లిమిట్ కిందే గుంపుగా ఉండి, ఉన్న కాస్త మేతకీ పోటీపడి, బక్కచిక్కి అక్కడే ఆగిపోతాయి.

ఇది గ్రహించాకే రాష్ట్రాలు దీన్ని విడదీశాయి. టెక్సాస్‌లో స్పాటెడ్‌కి కనీస సైజే లేదు, కెంటకీలో రాష్ట్రవ్యాప్త రూల్‌లో కూడా అంతే. మిస్సోరీలో లేక్ ఆఫ్ ది ఓజార్క్స్‌లో మిగతా బాస్‌కి 15, దీనికి 12, అదే రాష్ట్రంలో టేబుల్ రాక్‌లో మాత్రం అన్నిటికీ 15. కొన్నిచోట్ల స్లాట్ లిమిట్ పెట్టారు, అంటే చిన్నవి తీసుకెళ్ళొచ్చు, మధ్య సైజువి వదలాలి, బాగా పెద్దవి మళ్ళీ తీసుకెళ్ళొచ్చు, చిన్నవి పలచబడితే మిగిలినవాటికి మేత దొరుకుతుందని. ఆలోచన మంచిదే, కానీ టోర్నమెంట్ల పుణ్యమా అని పట్టినవన్నీ వదిలేసే అలవాటు జనాల్లో బాగా పాతుకుపోయింది, చిన్నవి ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళే లేకపోతే స్లాట్ పెట్టి ప్రయోజనం ఏముంది?

ఇక్కడ ఇంకో గందరగోళం ఉంది. "స్పాటెడ్ బాస్ పదకొండు పౌండ్లు కూడా పెరుగుతుంది కదా" అంటారు కొందరు. నిజమే, 2017లో కాలిఫోర్నియా న్యూ బుల్లర్డ్స్ బార్ రిజర్వాయర్‌లో 11 పౌండ్ల 4 ఔన్సుల రికార్డు చేప పడింది, అంటే 5 కిలోల పైనే. కానీ దాని మూలం వేరు. 1974లో అలబామాలోని లూయిస్ స్మిత్ లేక్ నుంచి తెచ్చి కాలిఫోర్నియా లేక్ పెరిస్‌లో వదిలిన చేపల వంశం అది, హబ్స్, బెయిలీ ఇద్దరూ 1940లోనే ఉపజాతిగా గుర్తించిన ఆ రకాన్ని 2008లో అలబామా బాస్ అని పూర్తిగా వేరే జాతి చేశారు. పైగా బుల్లర్డ్స్ బార్‌లో దానికి కొకనీ సాల్మన్ మేత, కొవ్వు పట్టిన చేపలు తిని పెరిగినదాన్ని ఓ మామూలు కెంటకీ బాస్‌తో పోల్చి "ఇదెందుకు పెరగట్లేదు" అంటే ఎలా?

పేరు ఒకటే అయిపోవడం వల్ల ఇంకా పెద్ద నష్టమే జరిగింది. పెద్దగా పెరుగుతుందన్న ఆశతో జనం ఈ అలబామా బాస్‌ని బకెట్లలో మోసుకెళ్ళి వేరే రిజర్వాయర్లలో వదిలేశారు. సౌత్ కరోలినా లేక్ కియోవీలో ఇది అక్కడి బార్ట్రమ్స్ బాస్‌తో కలిసిపోయి సంకరజాతి పుట్టింది, ఇప్పుడు అసలు జాతి దొరకడమే కష్టం. నార్త్ కరోలినా లేక్ నార్మన్‌లో లార్జ్‌మౌత్‌ని వెనక్కి నెట్టేసింది. జార్జియా ఉత్తరాన లేక్ చాటూగ్‌లో స్మాల్‌మౌత్‌కి కూడా అదే గతి పట్టింది. నాకు బాధ కలిగించేది ఇదే, ఒకసారి కలిసిపోయిన రక్తాన్ని ఏ రూలూ విడదీయలేదు.

ఇక జార్జియా సంగతికొస్తే, స్పాటెడ్ బాస్‌కి మిగతా చోట్ల కనీస సైజు లేదు, లేనియర్‌లో మాత్రం 14 ఉంచారు, అక్కడ బ్లూబ్యాక్ హెర్రింగ్ అనే చిన్న చేప మేతగా వచ్చాక అది నిజంగానే ఆ సైజు దాటి బాగా పెరుగుతోంది కాబట్టి ఆ రూల్‌కి అర్థం ఉంది. అదే పదమూడున్నర అంగుళాల చేప చాటూగ్‌లో పడితే నిక్షేపంగా ఐస్ పెట్టెలో వేసుకుని ఇంటికెళ్ళి పులుసు పెట్టుకోవచ్చు.