డిజిటల్ కాటా అబద్ధం చెప్పదా? పాత సామాను అమ్మేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కాటాలు బాగుచేసి, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ దగ్గర సరిచూసినట్టు ముద్ర వేయించి ఇవ్వడం నా పని. తుక్కు షాపుల కాటాలూ వస్తాయి. అందుకే తెలిసినవాళ్లంతా అడిగేది ఒకటే: "డిజిటల్ కదన్నా, ఇంక మోసమేముంటుంది?"

ఉంటుంది. లోపల సెట్టింగ్ మారిస్తే పది కిలోలకు తొమ్మిదే చూపిస్తుంది. దాని జోలికి ఎవరూ పోకుండానే సీలు వేసేది. ఎలక్ట్రానిక్ కాటాకు 12 నెలలకోసారి ముద్ర పడాలి. సీలు తెగినా, ముద్ర గడువు దాటినా ఆ కాటాతో వ్యాపారం చేయకూడదు.

సీలు భద్రంగా ఉన్న వేలాడదీసే కాటాతోనూ ఒక పని చేస్తారు. కొక్కేనికి ముందే గొలుసో సంచో తగిలించి సున్నా నొక్కుతారు. అది తీసేయగానే అంకె ముందు చిన్న మైనస్ గీత వస్తుంది. పేపర్ల కట్టలు మోసుకొచ్చే హడావుడిలో మనం చూడం. ఇక ప్రతి తూకంలోనూ అంత బరువు ఎగిరిపోతుంది. ఖాళీ కొక్కేనికి సున్నా ఉందో లేదో చూడండి. తర్వాత ఇంట్లో విప్పని పది కిలోల బియ్యం సంచి ఉంటే తగిలించమనండి. సంచి బరువుతో కలిపి పదికి కాస్త పైనే చూపించాలి.

రేటు దగ్గర రూపాయి కోసం అరగంట బేరమాడి, తూకం దగ్గర లోపలికెళ్లిపోతారు! 40 కిలోల పేపర్లు కిలో 12 చొప్పున 480. పద్నాలుగు ఇస్తానన్నవాడి కాటాలో అవే 32 కిలోలైతే వచ్చేది 448.

మోసపోయాక "కన్స్యూమర్ కోర్టుకెళ్తా" అంటారు. వాట్సాప్‌లో తిరిగే ఈ సలహా వింటేనే విసుగు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనేవాళ్లకు. తుక్కు దగ్గర మీరు అమ్మేవాళ్లు. పాత బ్యాటరీ ఇచ్చి కొత్తది కొన్నప్పుడు ఒప్పుకున్న ఎక్స్ఛేంజ్ ధర తగ్గించకపోతే, అది వేరే సంగతి, అక్కడ మీరు కొనేవాళ్లే. మీకు పనికొచ్చేది 2009 నాటి లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల) చట్టం. డబ్బిచ్చినదానికన్నా ఎక్కువ సరుకు మోసంతో తీసుకోవడమూ 30వ సెక్షన్ కింద నేరమే. ఫిర్యాదు జిల్లా తూనికలు కొలతల శాఖ ఆఫీసులో ఇవ్వాలి. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు గేటు దగ్గర గొడవంటే టెన్షన్ పడతారు. గొడవ అక్కర్లేదు. "ఇవాళ వద్దులే నాయనా" అని సామాను లోపల పెట్టుకోండి.

అలాగని బండి తోసుకొచ్చే ప్రతివాడూ దొంగ అనుకోవద్దు. ఒకాయన తన కాటా తెచ్చి, "నేను తూచింది షాపులో ఎప్పుడూ తగ్గుతోంది, నాదే తప్పేమో చూడన్నా" అన్నాడు. ప్రామాణిక తూకం రాళ్లు పెట్టి చూశాను. గ్రాము తేడా లేదు. షాపు కాటాకు ముద్ర గడువు ఎప్పుడో దాటిందట. ఇళ్ల దగ్గర అతనికి తిట్లు, షాపులో నష్టం. ఆ 30వ సెక్షన్ షాపుకు అమ్మే అతనికీ పనికొస్తుందని చెబితే, "మళ్లీ అక్కడే అమ్మాలి కదన్నా" అని కాటా సంచిలో పెట్టుకున్నాడు.

మిగతావి త్వరగా. తుక్కుకు ప్రభుత్వ రేటంటూ లేదు, బేరమే. ఇంటి పాత సామాను అమ్మితే మీకు జీఎస్టీ పడదు, ఆ పేరుతో కోత పెడితే ఒప్పుకోకండి. పాత బైకునో కారునో మాత్రం మామూలు తుక్కు షాపుకు ఇవ్వొద్దు. రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి, బండి అప్పగించినట్టు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ తీసుకుని, ఆర్సీ రద్దయిందో లేదో చూసుకోండి.