టైపు హయ్యర్ పాసైతే చాలనుకున్న రోజులు

1980ల్లో ఏ చిన్న టౌనుకెళ్లినా బస్టాండు పక్కనో, కోర్టు ఎదురుగానో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ కనిపించేది. తెల్లారి ఆరింటికే టకటకలు మొదలు. ఎడమచేతికి ఏఎస్‌డీఎఫ్, కుడిచేతికి సెమికోలన్ ఎల్‌కేజే. రోజుల తరబడి అదే పాఠం. లోయర్, హయ్యర్ అనే టైపు పరీక్షలు పాసై, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్‌లో పేరు రాయించుకుని, పోస్ట్‌మన్ కోసం ఎదురుచూసేవాళ్లు. పొలం పనికీ నెల జీతానికీ మధ్య ఉన్న మెట్టు అదే. ఐటీఐలో ఫిట్టరో టర్నరో చేసినవాళ్ల చూపు హైదరాబాద్‌లో ఐడీపీఎల్ (మందుల తయారీ), హెచ్ఎంటీ, ఆల్విన్ లాంటి ప్రభుత్వ ఫ్యాక్టరీల వైపు ఉండేది.

ఆ మెట్టు ఒక్క దెబ్బకు విరగలేదు. బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు వేసిన రంగరాజన్ కమిటీ 1984లోనే చెప్పింది. యూనియన్లు గట్టిగానే అడ్డుపడ్డాయి, కానీ చివరికి 2000-01లో వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని ప్రభుత్వ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది బయటికొచ్చారు. అప్పటికే, 1992లో, ఐడీపీఎల్ ఖాయిలా పడింది. (అందులో ఒకప్పుడు పనిచేసిన అంజిరెడ్డి 1984లో పెట్టిన డాక్టర్ రెడ్డీస్ మాత్రం బాగా ఎదిగింది.)

1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం కట్టిన సైబర్ టవర్స్ మొదలైంది. ఆ చుట్టుపక్కల ఇంజినీర్ల జీతాలు పెరిగాయి. వాళ్లతోపాటే గేటు దగ్గర సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్, తర్వాత ఫుడ్ డెలివరీ పనులూ పెరిగాయి. గేటు దగ్గరి మనిషికి జీతమిచ్చేది లోపలి కంపెనీ కాదు, ఏజెన్సీ. ఎన్నేళ్లు నిలబడినా అతనికి లోపల ప్రమోషన్ అంటూ ఉండదు. పాత ఆఫీసుల్లో అటెండర్ కూడా పరీక్ష రాసి క్లర్కయ్యేవాడు. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

అమెరికాలో మధ్యతరహా ఉద్యోగాలను కంప్యూటరే మింగిందని ఆర్థికవేత్తలు లెక్కలు చూపిస్తారు. మన దగ్గర తప్పంతా దాని మీదే వేస్తే సరిపోదు. ఇక్కడ ఆ మధ్యతరహా ఉద్యోగాలు ఎప్పుడూ పెద్దగా లేవు. ఫ్యాక్టరీ, తయారీ పనుల్లో ఉన్నవాళ్లు దేశంలో పనిచేసేవాళ్లలో ఇప్పటికీ నూటికి 11, 12 మందే. తూర్పు ఆసియా దేశాల్లో పల్లె జనం మొదట ఫ్యాక్టరీలకు వెళ్లారు. మనవాళ్లు ఎక్కువగా తాపీ పనికీ, భవన నిర్మాణానికీ వెళ్లారు.

దేశంలో పనిచేసేవాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతానికి తగ్గి, 2023-24 నాటికి మళ్లీ 46 దాటింది. ఈ పెరుగుదలలో ఎక్కువ మంది ఆడవాళ్లు. చాలామంది చేసేది సొంత పొలంలో కూలి డబ్బు రాని పనే.